“డ్యాష్ ఇచ్చాడు” అంటే ఇన్సూరెన్స్ వాళ్లకి అర్థం కాలేదు! హిట్, స్ట్రైక్, కొలైడ్, ఇంపాక్ట్... వీటికి తేడా ఎవరైనా చెప్తారా?

డాలస్_దోసె
అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ డౌటే, కానీ దాని వెనక చిన్న కథ ఉంది.

మొన్న శనివారం సరుకులకి వెళ్లాను. ట్రాలీ తోసుకుంటూ బయటికి వచ్చేసరికి నా కారు వెనక బంపర్ ఎడమ మూల లోపలికి పోయి ఉంది. పికప్ ట్రక్కు పెద్దాయన పాపం అక్కడే నిలబడి ఉన్నాడు. రివర్స్ తీస్తూ చూసుకోలేదన్నాడు, సారీ చెప్పాడు, ఇన్సూరెన్స్ కార్డు చూపించాడు. మంచి మనిషి.

ఇంటికొచ్చి మా ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి, నోటికి అలవాటైన మాటే చెప్పాను: “ఎ ట్రక్ డ్యాష్డ్ మై కార్.” అవతల అమ్మాయి ఒక్క క్షణం ఆగి, “ట్రక్కు పారిపోయిందా? అంటే హిట్ అండ్ రన్ కేసా?” అంది. లేదమ్మా, ఆయన నా పక్కనే ఉన్నాడు అన్నాను. “మరి డ్యాష్ చేసింది ఎవరు?” అంది. ఇలా ఐదు నిమిషాలు. చివరికి తనే విసుగొచ్చి “ఓకే, హి బ్యాక్డ్ ఇంటు యు” అని రాసుకుంది.

తర్వాత ఫారం వచ్చింది. అందులో ఒకచోట కొలిజన్, ఒకచోట స్ట్రక్, ఇంకోచోట పాయింట్ ఆఫ్ ఇంపాక్ట్. పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఇంగ్లిష్‌తోనే తిండి తింటున్నాను. నాకు మాత్రం అన్నీ ఒకటే: కొట్టాడు.

బల్లగుద్ది
ట్రక్కాయన కారుని కొట్టాడు, మీరు ఫోన్ కొట్టారు, ఆ పిల్ల టైపు కొట్టింది. ఇక మాకు బోరు కొట్టకుండా ఎవరైనా వచ్చి చెప్పండి.

కోర్టు_గుమస్తా
డ్యాష్ సంగతి నేను చెప్తాను. మోటారు ప్రమాదాల నష్టపరిహారం కేసుల్లో టైపిస్టుగా చేసి రిటైరైనవాణ్ణి. “డ్రోవ్ ది లారీ ఇన్ ఎ ర్యాష్ అండ్ నెగ్లిజెంట్ మేనర్ అండ్ డ్యాష్డ్ అగైన్‌స్ట్...” ఈ వాక్యం ఎన్ని వేలసార్లు కొట్టానో నాకే తెలీదు. నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా కొట్టేవాణ్ణి. తెలుగు ఫిర్యాదులో “అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి ఢీకొట్టినందున” అని ఉంటే, ఇంగ్లిష్‌లో అది పై వాక్యమే అయ్యేది.

ర్యాష్, నెగ్లిజెంట్ అనే మాటలు చట్టంలోనే ఉన్నాయి. పాత ఐపీసీలో 279, 304ఏ సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అవే 281, 106 అయ్యాయి. డ్యాష్ మాత్రం ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు. అది పోలీస్ స్టేషన్ల నుంచి మన నోటికి వచ్చింది. ఊళ్లో ఇంగ్లిష్ ముక్క రానివాడు కూడా “ఆటోవాడు డ్యాష్ ఇచ్చాడు” అంటాడు చూడండి.

అలాగని అది తప్పుడు ఇంగ్లిష్ ఏం కాదు. పడవ రాళ్లకేసి కొట్టుకుని ముక్కలైంది అనడానికి డ్యాష్ వాడటం ఇంగ్లిష్‌లో పాత పద్ధతే. ఆశలు అడియాసలైతే “హోప్స్ వర్ డ్యాష్డ్” అని ఇప్పటికీ అంటారు. అమెరికాలో రోజువారీ మాటల్లో మాత్రం డ్యాష్ అంటే గబగబా పరిగెత్తడం. మీ ఫోన్ పిల్లకి ముందు అదే గుర్తొచ్చి ఉంటుంది.

డాలస్_దోసె
గుమస్తా గారూ, దండం సార్. నా పరువు కొంచెం నిలబెట్టారు.

తెనాలి_టీచరమ్మ
బాబూ, క్యారమ్ బోర్డు ముందు కూర్చున్నాననుకో.

గురి చూసి వేలితో ఒక్కటి వేస్తాను. అది స్ట్రైక్. అందుకే దాని పేరు స్ట్రైకర్. అది వెళ్లి తెల్ల కాయిన్‌కి తగిలింది. అది హిట్. గురిపెట్టిన కాయిన్‌కే తగలాలని లేదు, పక్కదానికి తగిలినా హిట్టే. రెండు కాయిన్లు అటొకటి ఇటొకటి వచ్చి ఒకదాన్నొకటి గుద్దుకుంటే కొలైడ్. స్ట్రైకర్ మెల్లగా జారి కాయిన్‌ని అలా తాకి ఆగిపోతే బంప్. ఓడిపోయిన తమ్ముడు ఏడుస్తూ బోర్డు మీద దబదబా బాదుతాడు, అది బీట్. ఒక్క దెబ్బకి బీట్ అనరు, మళ్లీ మళ్లీ పడాలి. గుడ్డు గిలకొట్టడం, డప్పు వాయించడం, గుండె కొట్టుకోవడం, అన్నిటికీ బీట్ అనేది అందుకే.

ఆ గోల విని అమ్మ వంటింట్లోంచి వచ్చి వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేస్తుంది. దానికి ఇంగ్లిష్‌లో మాట లేదు.

గల్లీ_క్రికెట్
ర్యాప్ ఉంది కదా మేడమ్? వేలి కణుపులతో టక్కున కొట్టడం.

తెనాలి_టీచరమ్మ
ఉంది, దగ్గరకొస్తుంది. కానీ ర్యాప్ తలుపు మీదా పడుతుంది, బల్ల మీదా పడుతుంది. మొట్టికాయ నెత్తి వదిలి ఎక్కడికీ పోదు. లెంపకాయ చెంప దాటదు. మనం దెబ్బ పడిన చోటుని బట్టి పేరు పెట్టాం. ఇంగ్లిష్ వాడు చెయ్యి ఎలా ఉందో చూస్తాడు: అరచెయ్యి తెరిస్తే స్లాప్, మూస్తే పంచ్. స్లాప్ చెంప మీద పడినా, వీపు మీద పడినా, నీళ్ల మీద పడినా స్లాపే.

ఇంకొక్కటి, సందర్భం కాకపోయినా ముప్పై ఏళ్లు దిద్ది దిద్ది అలసిపోయాను కాబట్టి చెప్తున్నా. “ఇండియా వన్ ఆస్ట్రేలియా” అనకండి. మ్యాచ్‌ని విన్ అవుతాం, మనిషినో జట్టునో బీట్ చేస్తాం.

గల్లీ_క్రికెట్
మేడమ్, బీట్ అన్నారు కాబట్టి. క్రికెట్లో “బీటెన్!” అని కామెంటేటర్ అరిస్తే బంతి బ్యాట్‌కి తగల్లేదని అర్థం. కొట్టడం అనే మాటతో, అసలు తగలని దాన్ని చెప్తారు. చిన్నప్పుడు రేడియోలో వింటూ “బీటెన్” అనగానే ఫోర్ పోయిందేమో అనుకునేవాణ్ణి.

తెనాలి_టీచరమ్మ
అక్కడ బీట్ అంటే ఓడించడం నాన్నా. బౌలర్ బ్యాటర్ని ఓడించాడు.

డాలస్_దోసె
ఇది చదివాక నా ఇంకో అవమానం కూడా చెప్పేస్తాను. మా వాడికి తొమ్మిదేళ్లు, బేస్‌బాల్ ఆడతాడు. వాడి మొదటి మ్యాచ్‌కి మడత కుర్చీ, కూల్ డ్రింకులు, మురుకులు సర్దుకుని వెళ్లాం. వాడు బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. బంతి వచ్చింది, ఊపాడు. అంపైర్ “స్ట్రైక్!” అని గట్టిగా అరిచాడు. మావాడు కొట్టేశాడనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఈల కూడా వేశాను. పక్కవాళ్లంతా నా వైపు తిరిగారు. మావాడైతే హెల్మెట్ లోంచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

స్ట్రైక్ అంటే బంతి తగల్లేదట. మూడు స్ట్రైకులైతే ఔటట!

బల్లగుద్ది
😂😂 ఈల కూడానా అన్నా!

మాటల_మూట
దోసె గారూ, మీరు నవ్వుతూ చెప్పినా ఈ థ్రెడ్ మొత్తానికి తాళంచెవి అదే. బేస్‌బాల్‌లో స్ట్రైక్, హిట్ ఒకదానికొకటి వ్యతిరేకం. స్ట్రైక్ అంటే వేటు వేయడం. బ్యాట్ విసిరాడు, అంతవరకే. తగిలిందా లేదా అన్నది వేరే లెక్క. (తర్వాత తర్వాత ఊపకుండా వదిలేసిన మంచి బంతిని కూడా స్ట్రైక్ కిందే లెక్కేయడం మొదలుపెట్టారు.) హిట్ అంటే తగిలింది, పరుగెత్తి బేస్ చేరాడు. మనం “వేటు వేశాడు గానీ తగల్లేదు” అంటాం చూడండి, సరిగ్గా ఆ రెండు మాటలు.

మామూలు ఇంగ్లిష్‌లో స్ట్రక్ అంటే తగిలిందనే అర్థం, అందులో అనుమానం లేదు. కానీ వాసన మాత్రం పోలేదు. స్ట్రైక్ అంటే దృష్టి కొట్టినవాడి మీద ఉంటుంది. హిట్ అంటే దృష్టి తగిలిన చోట ఉంటుంది. అందుకే విమానాలు బాంబులేస్తే ఎయిర్ స్ట్రైక్ అంటారు, ఎయిర్ హిట్ అనరు. ఆ బాంబు పడిన భవనానికి మాత్రం డైరెక్ట్ హిట్.

ఇక హిట్ పుట్టుక వింటే మీకు నచ్చుతుంది. పాత నార్స్ భాషలో హిట్టా అనే మాట నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దానర్థం కొట్టడం కాదు, ఎదురుపడటం, కనిపించడం. స్వీడిష్ వాళ్లు ఈరోజుకీ ఏదైనా దొరికితే హిట్టా అంటారు. మనమేమంటాం? “నిన్న బజార్లో మీ బావ తగిలాడు.” రాయి తగిలినా తగలడమే, బావ తగిలినా తగలడమే. ఎక్కడో ఉత్తర ఐరోపాలో పుట్టిన మాట, మన తగులు, ఒకే దారిలో నడిచాయి.

ఓరుగల్లు_బిడ్డ
మా దిక్కు తాకింది అంటం అన్నా. దెబ్బ తాకింది, రాయి తాకింది. తగిలింది అంటే మా అమ్మమ్మ నవ్వుతది, “ఆంధ్రోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్” అని.

స్ట్రైక్, హిట్ రెండూ కలిసిన ముచ్చట ఒకటి యాదికొచ్చింది. 2024 జనవరి మొదటి వారంల హిట్ అండ్ రన్ కొత్త చట్టం మీద లారీ, ట్యాంకర్ డ్రైవర్లు స్ట్రైక్ చేసిండ్రు. యాక్సిడెంట్ చేసి చెప్పకుండ పారిపోతే పదేండ్ల దాక జైలని రాసిండ్రు, గదానికి లొల్లి. హైదరాబాద్‌ల పెట్రోల్ బంకుల కాడ లైన్లు చూసినోళ్లకు ఎరుకే. నేను గంటన్నర నిలబడ్డ, నా వంతు వచ్చెటాళ్లకు పెట్రోల్ ఖతం. హిట్ కోసం స్ట్రైక్, దెబ్బ మాత్రం నాకు తాకింది.

కోర్టు_గుమస్తా
106లో రెండో ఉపసెక్షన్ అది. గొడవ తర్వాత దాన్ని పక్కనపెట్టారు. జులైలో మిగతా చట్టం అమల్లోకి వచ్చినా ఆ ముక్క రాలేదు.

బల్లగుద్ది
సమ్మెకి స్ట్రైక్ అని పేరెందుకు వచ్చింది? ఎవర్ని కొట్టారని?

మాటల_మూట
ఎవర్నీ కొట్టలేదు. తెరచాపలు దించారు. 1768లో లండన్ రేవులో జీతాల గొడవ వచ్చింది. నావికులు సరుకు ఓడల తెరచాపలు దించేసి ఓడల్ని కదలనివ్వలేదు. తెరచాప దించడాన్ని నావికుల భాషలో స్ట్రైక్ అంటారు. అక్కడి నుంచి పని ఆపడానికే ఆ పేరు పడింది. అసలు పాత ఇంగ్లిష్‌లో స్ట్రైక్ అంటే నిమరడం, మెత్తగా రుద్దుతూ పోవడం. స్ట్రోక్ దానికి చుట్టమే. పిల్లిని నిమిరినా స్ట్రోకే, వడదెబ్బ కొట్టినా సన్‌స్ట్రోకే. నిమిరే చెయ్యే కొట్టే చెయ్యి అయింది!

డాలస్_దోసె
బాగుంది. ఇప్పుడు నా ఫారం సంగతి. నా కారు కదల్లేదు, ఆగి ఉంది. అయినా కొలిజన్ అంటారా? టీచరమ్మ గారి క్యారమ్ లెక్కలో రెండు కాయిన్లూ కదలాలి కదా.

కాకినాడ_కెరటం
దీనికి ఓడలవాళ్ల దగ్గర జవాబుంది. పదేళ్లు మర్చంట్ నేవీలో చేశాను. రెండు ఓడలూ నడుస్తూ గుద్దుకుంటే కొలిజన్. కదిలే ఓడ వెళ్లి కదలని దాన్ని, అంటే వంతెననో జెట్టీనో లంగరేసిన ఓడనో కొడితే, దాన్ని అలిజన్ అంటారు. అలిజన్ అయితే తప్పు కదిలేవాడిదే అని ముందు అనుకుంటారు, కాదని వాడే నిరూపించుకోవాలి. అందుకే మాట తేడా అంటే డబ్బు తేడా.

2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి, అదుపు తప్పి వంతెన స్తంభాన్ని కొట్టింది. ఫ్రాన్సిస్ స్కాట్ కీ బ్రిడ్జ్ అలా అలా నీళ్లలోకి ఒరిగిపోయింది. వంతెన మీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు పోయారు. టీవీలో అందరూ కొలిజన్ అన్నారు. ఓడల లాయర్లు మాత్రం అలిజన్ అనే రాసుకున్నారు. ఆ వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కరెంటు పోయిన ఇంజిన్ రూములో ఆ చీకటి ఎలా ఉంటుందో తెలుసు నాకు.

మీ కారు ఓడ అయ్యుంటే మీది అలిజన్ కింద వచ్చేది. కారు కాబట్టి కొలిజనే.

గల్లీ_క్రికెట్
అమెరికా ఇన్సూరెన్స్‌లో ఇంకో తమాషా ఉంది. మా అన్నయ్య మిషిగన్‌లో ఉంటాడు. రాత్రిపూట జింక అడ్డొచ్చి కారుకి గుద్దుకుంది. అది కొలిజన్ కవరేజీ కాదట, కాంప్రహెన్సివ్ అట. వడగళ్లు, దొంగతనం, జింక, అన్నీ ఒకే గంపలో. అదే జింకని తప్పించబోయి చెట్టుకి గుద్దుంటే మాత్రం కొలిజన్.

బల్లగుద్ది
అంటే జింకని తప్పించడం కంటే గుద్దడమే వేరే ఖాతా 🙏 పాపం ఆ జింకకి ఏ కవరేజీ ఉందో.

తెనాలి_టీచరమ్మ
తెలుగులో ఈ తేడా మనం రోజూ చేస్తూనే ఉన్నాం, గమనించం అంతే. “లారీ చెట్టును ఢీకొట్టింది” అంటాం. “రెండు లారీలు ఢీకొన్నాయి” అంటాం. కొట్టు అంటే ఒకటి వెళ్లి ఇంకోదాన్ని. కొను చేరితే ఒకదాన్నొకటి. గుద్దింది, గుద్దుకున్నాయి. కొట్టాడు, కొట్టుకున్నారు. ఇంగ్లిష్ వాడు వేరే మాట వెతుక్కోవాలి, మనకి తోక మారిస్తే చాలు.

చుక్కల_లెక్క
ఇంపాక్ట్ గురించి ఎవరూ ఎత్తలేదు, కాబట్టి నా వంతు.

ఇంపాక్ట్ అంటే దెబ్బ పడిన ఆ క్షణం, ఆ తాకిడి బలం. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది అందులో ఉండదు. సైన్స్ వాళ్లకి ఆ మాట ఇష్టం అందుకే. మహారాష్ట్రలో లోనార్ సరస్సు ఉంది కదా, ఉల్క పడి ఏర్పడిన గుంట. దాన్ని ఇంపాక్ట్ క్రేటర్ అంటారు.

నాకు బాగా నచ్చే ఉదాహరణ మన శ్రీహరికోట నుంచే ఉంది. 2008లో అక్కడి నుంచి వెళ్లిన చంద్రయాన్-1లో చిన్న పెట్టె లాంటిది ఒకటి ఉండేది, పక్కల మీద మువ్వన్నెల జెండా బొమ్మతో. నవంబర్ 14న దాన్ని చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర పడేశారు. పేరే మూన్ ఇంపాక్ట్ ప్రోబ్. కావాలని గుద్దించారు కాబట్టి ఆ మాట దాచలేదు. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూడా చంద్రుణ్ణి గుద్దుకుంది. కానీ దాన్ని అందరూ ఇంపాక్ట్ అనలేదు. విదేశీ పేపర్లు క్రాష్ అన్నాయి. పార్లమెంటులో మన ప్రభుత్వం ఇచ్చిన జవాబులో హార్డ్ ల్యాండింగ్ అని ఉంది. గుద్దడం అంతటా గుద్దడమే, అనుకున్నదా కాదా అన్నదాన్ని బట్టి పేరు మారింది. ఆ రాత్రి మేమంతా మేలుకుని చూశాం, టీవీ తెర మీద ల్యాండర్‌ని చూపించే చుక్క గీత మీంచి పక్కకి జరగగానే మా నాన్న లేచి వెళ్లి నీళ్లు తాగొచ్చారు. ఏమీ మాట్లాడలేదు.

నాసా వాళ్ల డార్ట్ అనే వ్యోమనౌక కూడా ఇలాంటిదే. 2022 సెప్టెంబర్ 26న డైమోర్ఫోస్ అనే చిన్న గ్రహశకలాన్ని కావాలని గుద్దించారు. అది తన పెద్దన్న లాంటి డిడిమోస్ అనే గ్రహశకలం చుట్టూ తిరిగే సమయం దాదాపు 32 నిమిషాలు తగ్గింది.

బల్లగుద్ది
మరి విమానానికి పక్షి తగిలితే బర్డ్ స్ట్రైక్ అంటారే? పక్షి వేటు వేసిందా? దాని దారిన అది పోతుంటే మనం వెళ్లి గుద్దాం!

చుక్కల_లెక్క
😀 నిజమే, నింద పక్షి మీదే. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో బాతుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ పోయి, హడ్సన్ నది మీద దిగిన విమానం గుర్తుందా? రికార్డుల్లో అదీ బర్డ్ స్ట్రైకే. పిడుగు పడితే లైట్నింగ్ స్ట్రైక్ అన్నట్టు, పైనుంచి వచ్చి పడిందనే భావనతో అన్నారేమో అనిపిస్తుంది నాకు.

ఓరుగల్లు_బిడ్డ
పిడుగు పడుతది మనకు. వాళ్లకు కొడుతది.

పళ్ల_డాక్టర్
పక్కదారి పట్టిస్తున్నందుకు సారీ. ఇంపాక్టెడ్ టూత్ అని నేను చెప్పగానే పేషెంట్లు “నాకేం దెబ్బ తగల్లేదే డాక్టర్ గారూ” అంటారు. జ్ఞానదంతం బయటికి రాలేక ఎముకలో ఇరుక్కుపోతే ఇంపాక్టెడ్ అంటాం. ఇరుక్కుపోయేలా గట్టిగా నొక్కడం అనేది ఆ మాటకి పాత అర్థం. వారానికి ఇద్దరికైనా ఇది చెప్పాల్సి వస్తుంది.

మాటల_మూట
డాక్టర్ గారూ, బ్రహ్మాండం. చివరగా నాక్ కూడా చెప్పేసి పడుకుంటాను. నాక్‌లో చప్పుడు ఉంటుంది. తలుపు మీద టకటక. బండి ఇంజిన్‌లో టకటక వస్తే మెకానిక్ “నాకింగ్ వస్తోంది” అంటాడు, అదే మాట. డౌన్ తగిలిస్తే పడగొట్టడం, ఔట్ తగిలిస్తే స్పృహ పోయేట్టు కొట్టడం. మనం కూడా కొట్టు ముందు ఇంకో ముక్క తగిలించి అదే పని చేస్తాం: పడగొట్టు, పగలగొట్టు, తరిమికొట్టు.

తలుపు తట్టాడు, ఆలోచన తట్టింది అంటాం కదా. ఇంగ్లిష్‌లో తలుపుకి నాక్, ఆలోచనకి స్ట్రైక్. “ఇట్ స్ట్రక్ మి” అంటే అదే.

గల్లీ_క్రికెట్
సినిమావాళ్లని మర్చిపోయారు. “ఈసారి హిట్ కొట్టాడు.” రెండుసార్లు కొట్టడమే అది.

బల్లగుద్ది
మా ఇంట్లో హిట్ కొట్టడమంటే బొద్దింకల మీద స్ప్రే కొట్టడం. మా ఆవిడ దృష్టిలో నేను రోజూ హిట్ కొట్టే హీరోని.

డాలస్_దోసె
అప్‌డేట్. ఫారం పంపేశాను. “ఎ రివర్సింగ్ ట్రక్ హిట్ మై పార్క్డ్ కార్” అని రాశాను. స్ట్రక్ అని రాద్దామనుకున్నాను గానీ, మాటల మూట గారు చెప్పింది గుర్తొచ్చి ఆగాను. ఆ పెద్దాయన వేటు వేయలేదు పాపం, తగిలించాడు. పాయింట్ ఆఫ్ ఇంపాక్ట్ దగ్గర ఎడమ మూల. డ్యాష్ అనే మాట జోలికి పోలేదు.

షెడ్డులో మెకానిక్ చూసి “జస్ట్ ఎ బంప్” అని నవ్వాడు. ఎస్టిమేట్ 1,460 డాలర్లు! బంపే ఇంతైతే క్రాష్ ఎంతో. ఎలాగూ ఆయన ఇన్సూరెన్సే కడుతుంది, బతికిపోయాను.

బల్లగుద్ది
కారు ఇంటికి రాగానే దిష్టి తీసి కొబ్బరికాయ కొట్టండి అన్నా. అక్కడివాళ్లు చూసి ఏం చేస్తున్నారని అడిగితే మాత్రం స్ట్రైకా, హిట్టా అని మళ్లీ ఇక్కడికి రాకండి.

తెనాలి_టీచరమ్మ
రెండూ కాదు. బ్రేక్ ఎ కోకోనట్. మనం వేసిన దెబ్బ చెప్తాం, వాళ్లు పగిలిన కాయని చెప్తారు. కాయ మాత్రం కారు టైరుకి దూరంగా కొట్టు నాన్నా, ముక్కలు గుచ్చుకుంటాయి.